తామరాకు నేర్పిన పాఠం

పిల్లలూ,

ఏ బంధమూ అంటించుకోకుండా తిరిగే మనిషిని చూసి పెద్దవాళ్ళు, "తామరాకు మీద నీటిబొట్టులాగా ఉంటాడు" అంటారు. ఈ మాట మీరు వినే ఉంటారు. తామరాకు నీళ్ళలోనే పుట్టింది, నీళ్ళలోనే పెరిగింది. అయినా దాని పైభాగం తడవదు. దాని మీద పడిన బొట్టు ముత్యంలాగా గుండ్రంగా నిలుస్తుంది. గాలికి ఆకు కాస్త కదిలితే చాలు, దొర్లిపోతుంది.

ఇక కిటికీ అద్దాన్ని చూడండి. అది రాయిలాగా గట్టిది, నున్ననిది. నీరు దాని లోపలికి చొరలేదు. అయినా జల్లు కొట్టిందంటే ఒళ్ళంతా తడిసి, గంటసేపు ఆరదు. తడవవలసిన ఆకు తడవకపోవటమూ, తడవనక్కరలేని అద్దం తడవటమూ వింతగా లేదూ?

వానాకాలం వచ్చిందంటే ఈ పేజీకి వానను గురించిన ప్రశ్నలే ఎక్కువగా వస్తాయి. వాటిలో ఒక ఆరో తరగతి అబ్బాయి ఇలా రాశాడు: "మాస్టారూ, మా నాన్నగారు కారు ముందు అద్దానికి సీసాలోని మందు ఏదో రాశారు. ఆ తరవాత వాన కురిస్తే నీళ్ళు ముత్యాల్లాగా జారిపోతున్నవి. ఆ మందును తామరాకు నుంచి తీస్తారా?" అదే కాగితం అడుగున వాళ్ళ అమ్మగారు ఒక వాక్యం చేర్చారు: "వానలో లోపలి వైపున ఆవిరి పట్టి అద్దం కనిపించటం లేదు. ఆ మందే లోపల కూడా రాయవచ్చునా?"

రెండూ మంచి ప్రశ్నలే. అమ్మగారి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను: రాయకూడదు. ఎందుకు రాయకూడదో తెలియాలంటే అబ్బాయి అడిగినదాని సంగతి ముందు తేలాలి.

నీటిబొట్టు గుండ్రంగా ఎందుకుంటుంది? నీటిలోని అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. బొట్టు నడుమ ఉన్న అణువును చుట్టూ ఉన్నవన్నీ సమానంగా లాగుతాయి కనక అది ఎటూ మొగ్గదు. అంచున ఉన్న అణువుకు బయటి వైపు చుట్టాలు లేరు. ఉన్నవాళ్ళంతా లోపలి వైపే. అందుచేత దాన్ని లోపలికే లాగుతారు. చలికాలం పొద్దున్నే బడి ఆవరణలో పిల్లలు ఒకరినొకరు అంటుకొని నిలబడితే ఆ గుంపు గుండ్రంగా తయారవుతుంది. బొట్టు కూడా అంతే. ద్రవాలకు ఉన్న ఈ గుణాన్ని తలతన్యత అంటారు. పై తరగతుల్లో మీకు ఈ పాఠం వస్తుంది.

ఈ బొట్టును అద్దం మీద పెట్టామనుకోండి. అద్దాన్ని ప్రధానంగా ఇసుకను కరిగించి చేస్తారు. అందులో ముఖ్యంగా ఉన్నవి సిలికాన్, ఆక్సిజన్. అద్దం పైపొర మీద ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు వరసగా నిలబడి ఉంటాయి. నీటిలో ఉన్నవీ ఆక్సిజన్, హైడ్రోజన్లే గదా! పెళ్ళివారి ఇంట్లో ఎరిగిన ముఖాలు కనిపించినట్టు, నీటి అణువులు తమ గుంపును వదిలి అద్దాన్ని పట్టుకుంటాయి. బొట్టు పరుచుకుపోతుంది.

బొట్టును పక్కనుంచి, కన్ను దాని ఎత్తుకు దించి చూడటం నేర్చుకోండి. బాగా శుభ్రమైన అద్దం మీద అది అప్పడంలాగా పలచగా పరుచుకుని ఉంటుంది. మైనం రుద్దిన అద్దం మీద సగం లడ్డు బోర్లించినట్టు ఉంటుంది. తామరాకు మీదనైతే దాదాపు పూర్తి లడ్డు. అడుగున ఒక్క చుక్కంత మేర మాత్రమే ఆకును తాకుతుంది. బొట్టు అంచు కింది తలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. 1805లో థామస్ యంగ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీన్ని గురించి వివరించాడు. శుభ్రమైన అద్దం మీద ఈ కోణం చాలా తక్కువ. మంచి మందు రాసిన అద్దం మీద 100 డిగ్రీలు దాటుతుంది. తామరాకు మీద 150 డిగ్రీల కన్నా ఎక్కువ.

తామరాకు చేసే గారడీ ఏమిటి? దాని మీద మైనం ఉన్నది. అయితే మైనం ఒక్కటే చాలదు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఎన్నో రకాల ఆకులను చూస్తూ ఒక విశేషం కనిపెట్టాడు. చూసే ముందు ఆకులను కడగాలి గదా? నున్నటి ఆకుల మీద దుమ్ము దండిగా ఉండేది. గరుకు ఆకులు మాత్రం కడగకుండానే శుభ్రంగా ఉండేవి! 1997లో ఆయనా, నైన్‌హుయిస్ అనే మరొక శాస్త్రజ్ఞుడూ కలిసి తామరాకును గురించి ప్రకటించిన వ్యాసం లోకమంతటా పేరు పొందింది. తామరాకు మీద కంటికి కనిపించని బుడిపెలు కోకొల్లలు. వాటి మీద సన్నని మైనపు పలుకులు. బొట్టు ఆ బుడిపెల కొసల మీద మాత్రమే ఆనుకుంటుంది, కింద గాలి చిక్కుకుని ఉంటుంది. పూలపానుపు మీద పడుకున్నట్టు గాలి మీద పడుకున్న బొట్టుకు అంటుకోవటానికి చోటేదీ? దొర్లుతూ దొర్లుతూ దారిలోని దుమ్మును కూడా తనతో తీసుకుపోతుంది.

కారు అద్దానికి రాసే మందు తామరాకు నుంచి తీసినది కాదు, అబ్బాయీ. అద్దాన్ని గరుకుగా చేస్తే నీళ్ళు జారవచ్చును గాని, మరీ గరుకైతే చూపు మసకబారుతుంది. అందుచేత ఈ మందు తామరాకు పాఠంలో సగమే నేర్చుకున్నది: పైపొరను మైనం వంటి దానితో కప్పటం. సాధారణంగా ఈ సీసాల్లో ఉండేది సిలికోన్. దాని అణువు గొలుసులాగా ఉంటుంది. గొలుసు వెన్నెముకలో ఉన్నవి సిలికాన్, ఆక్సిజన్లే. అంటే అద్దానికి దగ్గర చుట్టం. అందువల్ల అది అద్దాన్ని గట్టిగా పట్టుకోగలదు. గొలుసుకు రెండు పక్కలా కార్బన్, హైడ్రోజన్ కలిసిన చిన్న గుత్తులు వేలాడుతూ ఉంటాయి. ఇవి మైనానికి చుట్టాలు. నీళ్ళంటే వీటికి గిట్టదు. ఒక వైపు అద్దాన్ని పట్టుకొని, రెండో వైపు నీటికి వీపు తిప్పేస్తుందన్నమాట. ఇలాంటి మందులు 1970ల నుంచి బజారులో ఉన్నాయి. ఈమధ్య కొన్నిటిలో ఫ్లోరిన్ కలిసిన పదార్థాలు కూడా వాడుతున్నారు.

ఈ పొర మందం ఎంత అనుకున్నారు? కంటికి కనిపించనంత. అంత పలచని పొర నీటి నడవడిని మార్చగలదా అని మీకు అనుమానం రావచ్చు. ఈ అనుమానాన్ని తీర్చే కథ ఒకటి చెబుతాను.

జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో ఆగ్నెస్ పొకెల్స్ అనే అమ్మాయి ఉండేది. ఆమె 1862లో పుట్టింది. సైన్సు అంటే ప్రాణం. కాని ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలను చేర్చుకునేవి కావు. జబ్బుతో ఉన్న తల్లిదండ్రులను చూసుకుంటూ, ఇంటి పనులు చేసుకుంటూ ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. గిన్నెలు తోమేవారు ఎందరో ఉన్నారు. గిన్నెల నీళ్ళను చూసినవారు తక్కువ. జిడ్డు చేరిన నీరు శుభ్రమైన నీరులాగా ప్రవర్తించటం లేదని ఆమె గమనించింది. ఒక రేకు తొట్టి చేసింది. అందులో నీరు పోసి, నీటి ఉపరితలాన్ని ఒక రేకు ముక్కతో ఇటూ అటూ జరిపేది. తక్కెడకు చిన్న బొత్తాం కట్టి, దాన్ని నీటి మీదికి దించి, పైకి లాగటానికి ఎంత బరువు కావాలో కొలిచేది. జిడ్డు ఎంత కొంచెమైనా సరే, పైపొర మీద చేరిందంటే ఆ బరువు మారిపోయేది.

ఆమె తన ఫలితాలను 1891లో ఇంగ్లండులోని లార్డ్ రేలీ అనే మహాశాస్త్రజ్ఞునికి ఉత్తరంగా రాసింది. ఆయన దాన్ని పక్కన పడేయలేదు. 'నేచర్' పత్రికకు పంపి ఆమె పేరు మీదనే అచ్చు వేయించాడు. తరవాత అమెరికాలో అర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఇదే దారిలో పనిచేసి, పైపొర ఒక్క అణువు మందం ఉన్నా చాలునని చూపాడు. పైపొరల రసాయనశాస్త్రానికిగాను ఆయనకు 1932లో నోబెల్ బహుమానం వచ్చింది. అదే సంవత్సరం పొకెల్స్‌కు ఆమె ఊరి విద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

గిన్నెల నీళ్ళు చెప్పిన సంగతే కారు అద్దమూ చెబుతుంది. నీరు ఎలా ప్రవర్తించాలో నిర్ణయించేది పైపొర. మందు పొర ఎంత పలచనో, మురికి పొర కూడా అంతే పలచగా ఉండి మందును అద్దం దాకా పోనివ్వకుండా అడ్డుకోగలదు. కనక ఈ పనిలో మందు రాయటం చిన్న సంగతి. అద్దాన్ని నిజంగా శుభ్రం చేయటమే పెద్ద సంగతి. "మందు రాశాను, నెల కూడా నిలవలేదు" అని మీ నాన్నగారు విసుక్కుంటే, తప్పు సీసాది కాకపోవచ్చు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాను. ఇది పెద్దవాళ్ళు చేయవలసిన పని. మందులో సాధారణంగా ఆల్కహాలు ఉంటుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. కొన్నిటిలో ఆమ్లమూ ఉంటుంది. అందుచేత సీసా పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. వాళ్ళు చేతికి తొడుగులు వేసుకోవాలి. గాలి ఆడే చోట, పొయ్యికీ దీపానికీ దూరంగా చేయాలి. మీకు వేరే ఉద్యోగం ఉన్నది. మీరు పరీక్షాధికారులు.

మొదట, కారును నీడకు తేవాలి. ఎండలో కాలిన అద్దం మీద మందు పరుచుకోకముందే ఆరిపోయి చారలు కడుతుంది. వైపర్లను పైకెత్తి, అద్దాన్ని కారు షాంపూ కలిపిన నీళ్ళతో కడగాలి. బోరు నీళ్ళ తెల్లమచ్చలు ఉంటే వట్టి సబ్బుకు పోవు. అవి ఎక్కువగా సున్నపు మచ్చలు కనక, నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తడిపి, కాసేపు ఉంచి తుడిస్తే వదులుతాయి. ఆ తరవాత మంచినీళ్ళతో మళ్ళీ కడగాలి.

ఇప్పుడు మొదటి పరీక్ష. ఆరిన అద్దం మీద, వేళ్ళకు పలచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని మెల్లగా నిమరండి. వట్టి వేళ్ళకు నున్నగా తోచిన అద్దం సంచిలోంచి నిమిరితే ఇసుక కాగితంలాగా తగులుతుంది! అవన్నీ అంటుకుపోయిన దుమ్ము, చెట్టు జిగురు, పురుగుల మరకలు. వీటిని తీయటానికి క్లే బార్ అనే మట్టిముద్ద వంటిది దుకాణాల్లో దొరుకుతుంది. అద్దాన్ని తడిగా ఉంచి దానితో మెల్లగా రుద్దితే అవి దానికి అంటుకుని వచ్చేస్తాయి.

రెండవ పరీక్ష దీని కన్నా ముఖ్యం. అద్దం మీద శుభ్రమైన నీళ్ళు చిలకరించండి. నీరు ఎక్కడా తెగకుండా ఒకే రేకులాగా పరుచుకున్నదా, అద్దం శుభ్రమైనట్టే. నీరు విరిగి, మధ్యమధ్య పొడిగా దీవులు మిగిలాయా, అక్కడ జిడ్డో, పాత మందో ఉన్నట్టు. అక్కడ మళ్ళీ తుడవాలి. లోహాలకు పూత పూసే కర్మాగారాల్లో కూడా ఇదే పరీక్ష చేస్తారు. నీటిని తరిమే మందు రాయటానికి ముందు, అద్దం నీటిని పూర్తిగా ఆహ్వానించాలన్నమాట!

అద్దం బాగా ఆరిన తరవాత, మెత్తటి గుడ్డను మడిచి, దాని మీద కొద్దిగా మందు పోసి, అద్దంలో ఒక భాగాన్ని తీసుకుని చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రాయాలి. ఒక సున్నా మరొక సున్నా మీదికి వచ్చేట్టు చూడాలి. వదిలిన చోట వానే చెబుతుంది. మందు ఆరి అద్దం మీద మసక కమ్ముతుంది. అప్పుడు వేరే శుభ్రమైన గుడ్డతో ఆ మసకను పూర్తిగా తుడిచేయాలి. రెండో పూత వేయాలా, ఎంతసేపు తడవనివ్వకూడదు అనేవి సీసా మీద రాసి ఉంటాయి. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క పద్ధతి, కనక సీసా మీది మాటే మాట. కొన్ని కొత్త కార్లకు ముందు అద్దం వెనుక, వాన పడటం కనిపెట్టే పరికరమో, కెమెరాయో ఉంటుంది. అలాంటి కారుకు రాసే ముందు కారుతో వచ్చిన పుస్తకం చూడాలి. మిగిలిన మందును కాలవలో పారబోయకూడదు. ఫ్లోరిన్ కలిసిన పదార్థాలలో చాలా వాటిని నేలా నీరూ ఏళ్ళ తరబడి జీర్ణం చేసుకోలేవు.

పక్క అద్దాలకూ, పక్కనున్న చిన్న చూపుటద్దాలకూ కూడా రాసుకుంటే మంచిది. వాటికి వైపర్లు లేవు గదా.

ఈ పొర శాశ్వతం కాదు. ఎండా, దుమ్మూ, వైపర్ల రాపిడీ దాన్ని అరగదీస్తాయి. రాసిన తేదీని ఒక నోటుపుస్తకంలో వేసి, ఆదివారం ఆదివారం అద్దం మీద నాలుగు బొట్లు వేసి పక్కనుంచి చూడండి. సగం లడ్డు అప్పడమైన నాడు, "నాన్నగారూ, మళ్ళీ రాయవలసిన రోజు వచ్చింది" అని చెప్పండి.

ఇప్పుడు లోపలి వైపు సంగతి. దీనికి నాకు గురువు ఒక లారీ డ్రైవరు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1986లో, ఒక వానరాత్రి బస్సు దొరక్క తుని నుంచి అనకాపల్లికి లారీలో పోవలసి వచ్చింది. దారిలో వైపరు ఆగిపోయింది. అద్దం నిండా బొట్లు. ఎదురుగా వచ్చే ప్రతి బండి దీపమూ ఆ బొట్లలో వందగా పగిలి కళ్ళలో పొడుస్తున్నది. డ్రైవరు లారీని పక్కకు తీసి ఆపి, "ఒరేయ్, ఆ సంచిలోంచి ఓ దుంప తియ్యి" అన్నాడు క్లీనరు కుర్రాడితో.

"కూరకు తెచ్చింది అన్నా!" అన్నాడు వాడు.

"కూర రేపు తిందాంలే. ముందు ఇంటికి చేరాలి గదా!"

బంగాళాదుంపను అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖంతో అద్దం బయట అంతా రుద్దాడు. బొట్లు మాయమయ్యాయి. నీరు గాజుకాగితంలాగా పరుచుకుని కిందికి దిగసాగింది. రోడ్డు కనిపించింది. "నీళ్ళు పడొద్దంటే వింటాయా మాస్టారూ? పడి, బుద్ధిగా పరుచుకోమన్నా. అంతే!" అన్నాడు. వాన తగ్గేదాకా నెమ్మదిగా నడిపి నన్ను క్షేమంగా దించాడు.

ఆ మాటలో పెద్ద సైన్సు ఉన్నది, పిల్లలూ. దుంప రసంలోని పిండిపదార్థం నీటికి ఇష్టమైనది. అందుకని నీరు బొట్లు కట్టకుండా పలచని రేకులాగా పరుచుకుంటుంది. చూపుకు అడ్డు వచ్చేది నీరు కాదు, బొట్టు. ప్రతి బొట్టూ ఒక చిన్న భూతద్దం. ప్లాస్టిక్ కాగితం మీద ఒక బొట్టు వేసి అచ్చు అక్షరాల మీద పెట్టి చూడండి, అక్షరం ఉబ్బిపోతుంది. కనక చూపు చక్కబడటానికి రెండు దారులున్నాయి: బొట్టును నిలవనీయకుండా తరమటం ఒకటి, బొట్టే కట్టకుండా నీటిని పరచటం మరొకటి. దుంప పూత వానకు త్వరగా కొట్టుకుపోతుంది గనక అది ఆపద్ధర్మం మాత్రమే. కిరసనాయిలూ, డీజిలూ, కొబ్బరినూనే మాత్రం రాయవద్దు. అవి వైపరు కింద జిడ్డుగా అలుక్కుపోయి, రాత్రివేళ ఎదుటి దీపాలను మరింత చెదరగొడతాయి.

అమ్మగారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉన్నది. కారు బయట అద్దాన్ని గాలి నెట్టుతుంది, వైపరు తుడుస్తుంది. తరిమిన బొట్టు పోవటానికి దారి ఉన్నది. లోపల గాలి వీచదు, వైపరు లేదు. మన ఊపిరిలోని తడి, వానకు చల్లబడిన అద్దాన్ని తాకి లోపలి వైపున సన్నని బొట్లు కడుతుంది. అదే మీరు ఆవిరి అనేది. లోపల కూడా నీటిని తరిమే మందు రాస్తే ఆ బొట్లు మరింత గుండ్రంగా నిలిచి, మసక ఎక్కువవుతుంది. లోపలికి కావలసింది దుంప దారి, అనగా నీటిని పరిచే దారి. లోపలి వైపు జిడ్డు లేకుండా తుడవటం, ఆవిరి పట్టకుండా రాసేదని విడిగా అమ్మే మందు వాడటం, ఏసీ వేసి లోపలి గాలిలోని తడిని తగ్గించటం మంచి పద్ధతులు. మన సముద్రతీరపు ఊళ్ళల్లో ఒక్కొక్క రాత్రి ఏసీ చలికి అద్దం బయటి వైపున మసక పడుతుంది. వైపరు వేయగానే మసక పోయిందంటే అది బయటిదే. అప్పుడు ఏసీ చలి తగ్గించాలి.

ఇక చివరి మాట, పిల్లలకూ పెద్దలకూ. ఈ మందు రాసిన అద్దం మీద బొట్లను పైకి నెట్టి పారదోలేది గాలి. సుమారు గంటకు 60 కిలోమీటర్ల వేగం దాటితేగాని గాలికి ఆ బలం బాగా రాదు. ఊళ్ళో, సంతలో, బడి ముందర మెల్లగా పోతున్నప్పుడు బొట్లు నిలిచే ఉంటాయి. అప్పుడు వైపరే దిక్కు. ఎండకు బిరుసెక్కి పగిలిన వైపరు రబ్బరును మార్చకుండా మందు మీద భారం వేయకూడదు. మందు ఉన్నది గదా అని వానలో వేగం పెంచటం అంతకన్నా తప్పు. తడి రోడ్డుకు ఎవరూ మందు రాయలేదు!

ఒక లెక్క చేయండి. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు ఎన్ని మీటర్లు పోతుంది? దాదాపు 17 మీటర్లు. అంటే రెండు తరగతి గదుల పొడవు. అద్దం మీద బొట్ల మధ్య నుంచి ఎదుట ఉన్నది చెట్టా, మనిషా అని పోల్చుకోవటానికి ఒక్క సెకను ఆలస్యమైతే, బ్రేకు మీద కాలు పడకముందే కారు రెండు గదులు దాటుతుంది. ఏళ్ళ తరబడి వానాకాలపు సాయంత్రాలు బడి గేటు దగ్గర నిలబడి పిల్లలను రోడ్డు దాటించినవాణ్ణి నేను. నల్ల గొడుగు కింద, ముదురు రంగు బట్టల్లో ఉన్న పిల్లవాడు పదడుగుల దూరంలో నాకే సరిగా కనిపించేవాడు కాదు. కారు లోపల ఉన్నవాళ్ళు అద్దాన్ని శుభ్రంగా ఉంచుకోవాలి. బయట నడిచేవాళ్ళు లేతరంగు వానకోటు వేసుకోవాలి. కారు నడిపేవారికి మనం కనిపించి, కారు ఆగిన తరవాతనే రోడ్డు దాటాలి.

ఇంట్లో చేయవలసినవి:

ఒకటి. పాత చూపుటద్దం ఒకటి తీసుకుని సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఒక సగానికి కొవ్వొత్తి మైనం కొద్దిగా రుద్ది, గుడ్డతో మెరిసేదాకా తుడవండి. రెండు సగాల మీదా బొట్లు వేసి, అద్దాన్ని మెల్లగా వాల్చండి. ఏ వైపు బొట్టు ముందు జారింది?

రెండు. అదే అద్దాన్ని కడిగి, ఈసారి ఒక సగానికి పొడి సబ్బు రుద్ది తుడిచి, రెండు వైపులా నోటితో ఆవిరి ఊదండి. ఏ వైపు మీ ముఖం కనిపిస్తున్నది? అమ్మగారి ప్రశ్నకు జవాబును మీ కళ్ళతోనే చూస్తారు.

మూడు. మీ ఊళ్ళో తామర, చేమ, అరటి, మామిడి, తులసి ఆకుల మీద ఒక్కొక్క బొట్టు వేసి, అప్పడమో, సగం లడ్డో, పూర్తి లడ్డో పట్టికలో రాయండి. ఆకు పైభాగమూ, అడుగుభాగమూ రెండూ చూడండి. మీ పట్టికలు పంపితే వచ్చే నెల ఈ పేజీలో వాటిని గురించి మాట్లాడుకుందాం.

ఈలోగా ఆలోచించటానికి ఒక ప్రశ్న: చెరువులో రోజంతా ఈదిన బాతు గట్టెక్కి ఒక్కసారి దులుపుకుంటే చాలు, పొడిగా అయిపోతుంది. దాని ఒంటికి మందు రాసింది ఎవరు?